నంబర్లు చూసి కొనాలా, నచ్చిన రేడియో కొనాలా?

ప్రశ్న: హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాగా నడుపుకునే రేడియో స్టేషన్) జనరల్ గ్రేడ్ పరీక్ష పాసై ఈ మధ్యనే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) అందుకున్నాను. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. సొంత ఇల్లు, డాబా మీద చోటుంది. మా ఊళ్ళోనే ఒక సీనియర్ హామ్ గారింటికి ఏడాదిగా వెళ్తున్నాను. నాకు మోర్స్ నేర్పింది ఆయనే. తన పాత కెన్‌వుడ్ టీఎస్-830ఎస్ నాకు ఇస్తానంటున్నారు. కొత్త ఐకామ్ ఐసీ-7300 ధరలో సగం కూడా కాదు. ఆ డయల్ తిప్పుతూ కూర్చుంటే నాకు పొద్దే తెలియదు. కానీ ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి రెండింటి స్పెసిఫికేషన్లూ ఎక్సెల్ షీట్లో పక్కపక్కన పెట్టి, "ఏ కాలమ్‌లో చూసినా కొత్తదే మేలు నాన్నా, నలభై ఏళ్ళ నాటిది ఎందుకు? తుపాను వచ్చినప్పుడు పనికొస్తుందా అది?" అంటున్నాడు. వాడి మాట కాదనలేను. మా ఆవిడేమో "రోజూ దాని ముందు కూర్చునేది మీరు, మీకు నచ్చిందే తెచ్చుకోండి" అంటోంది. పొద్దున్నే 40 మీటర్ల బ్యాండులో (7 మెగాహెర్ట్జ్ దగ్గర) కబుర్లు, రాత్రి కాసేపు మోర్స్, ఇంతే నా ఆశ. నచ్చింది కదా అని కొనడం తెలివితక్కువ పనా?
— ఒక పాఠకుడు, రాజమండ్రి

సమాధానం: తెలివితక్కువ పనేమీ కాదండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ఆ కెన్‌వుడ్ తీసుకోమనే నా సలహా. షరతులు కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. ముందు మీ అబ్బాయి షీటు చూద్దాం. అతను చేసింది మంచి పని. అంకెలు చూడకుండా, ఎవరో అన్నారని వేలకు వేలు పోసేవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు ఆ అంకెల్లో మీ ఇంటికీ, మీ బ్యాండుకీ, మీ చెవికీ పట్టేవి ఏవో విడదీసుకుంటే సరిపోతుంది.

షీట్లో మొదటి కాలమ్ సెన్సిటివిటీ అయ్యుంటుంది, ఎవరైనా ముందు అదే రాస్తారు. ఎంత సన్నని సిగ్నల్‌ను రేడియో పట్టగలదన్న లెక్క అది. మోర్స్‌కు వాడే 500 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టి కొలిస్తే, ఆరోగ్యంగా ఉన్న హెచ్ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) రిసీవర్ ఏదైనా మైనస్ 125 నుంచి మైనస్ 135 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ సన్నం) దాకా వినగలదు. ఇక యాంటెన్నా నుంచి దిగే శబ్దం చూడండి. రేడియో నాయిస్ మీద అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వాళ్ళ సిఫార్సు పి.372 అని ఒకటుంది. జనం కాపురాలుండే ప్రాంతానికి అది ఇచ్చిన సూత్రంతో 7 మెగాహెర్ట్జ్ దగ్గర, అదే 500 హెర్ట్జ్ వెడల్పుకు లెక్క వేస్తే నాయిస్ దాదాపు మైనస్ 98 డీబీఎం వస్తుంది. అంటే రిసీవర్ తన లోపల పుట్టించుకునే శబ్దం కన్నా మీ వీధి శబ్దం ఇరవై ఏడు నుంచి ముప్పై ఏడు డీబీ దాకా పైన ఉంటుంది. మాటలకు వాడే ఎస్ఎస్‌బీ వెడల్పుకు మారిస్తే, ఆ ఒక్క నాయిస్‌తోనే సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ ముల్లు ఎస్6 దగ్గర నిలబడుతుంది. పైగా ఆ సూత్రానికి ఆధారమైన కొలతలు ఎల్ఈడీ బల్బులూ, ఫోన్ ఛార్జర్లూ, సోలార్ ఇన్వర్టర్లూ లేని కాలం నాటివి. మీ వీధిలో ఇప్పుడు అంతకన్నా తక్కువ ఉంటుందని నేను అనుకోను.

ఇక రెండు రేడియోల సెన్సిటివిటీలో ఏడెనిమిది డీబీ తేడా ఉంటే మీకేం ఒరుగుతుంది? 40 మీటర్లలో ఏమీ ఒరగదు. రెండూ మీ వీధి శబ్దం కింద ఉన్న సిగ్నల్‌ను వినలేవు, దాని పైన ఉన్నదాన్ని రెండూ వింటాయి. 10 మీటర్లలో, అందులోనూ ఊరికి దూరంగా ఏ పొలంలోనో కూర్చుంటే ఆ తేడాకు కొంత విలువ వస్తుంది. మీ ఆశలు 40 మీటర్ల మీద ఉన్నాయి కాబట్టి ఈ కాలమ్ కొట్టేయొచ్చు.

దీనికి బదులు మీ ఇంట్లో నాయిస్ ఎంతో కొలిచే కాలమ్ ఒకటి చేర్చమనండి అబ్బాయిని. బ్యాటరీ మీద నడిచే షార్ట్‌వేవ్ రిసీవర్ ఒకటి అరువు తెచ్చుకుని, 7 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టి ఇల్లంతా తిరగండి. గది గదికీ తేడా వినిపిస్తుంది. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి మళ్ళీ వినండి. బుర్రుమనే రొద ఒక్కసారిగా తగ్గిందంటే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. సెట్‌టాప్ బాక్స్ అడాప్టరో, మెట్ల దగ్గర చవక ఎల్ఈడీ బల్బో అయ్యుంటుంది. అడాప్టర్ మార్చడం, తీగకు ఫెర్రైట్ ఉంగరం తొడగడం లాంటి పనులతో పదీ పన్నెండు డీబీ దిగితే అది రెండు ఎస్-యూనిట్లు. రేడియో మార్చి ఈ లాభం ఏ ధరకూ కొనుక్కోలేరు.

రెండో కాలమ్ డైనమిక్ రేంజ్. మీ అబ్బాయి ఎక్కువగా పట్టుకున్నది దీన్నే అనిపిస్తోంది. అమెరికాలో రాబ్ షెర్వుడ్ అనే హామ్, కాల్‌సైన్ ఎన్‌సీ0బీ, దశాబ్దాలుగా రిసీవర్లను తన ల్యాబ్‌లో కొలిచి ఒక పట్టికగా పెడుతున్నారు. మీరు వింటున్న చోటికి 2 కిలోహెర్ట్జ్ ఎడంతో రెండు బలమైన స్టేషన్లు ఉన్నప్పుడు, అవి రెండూ కలిసి లేని సిగ్నల్‌ను మీ రిసీవర్ లోపల పుట్టించకుండా ఎంతవరకు తట్టుకుంటుందన్న అంకె మీద ఆ పట్టిక వరస నడుస్తుంది. పై వరసల్లో 100 డీబీ దాటినవి ఉన్నాయి. హామ్‌లలో చాలామంది ఆ వరసను పరీక్షా ఫలితాల ర్యాంకుల్లాగా చదువుతారు. పట్టిక తయారుచేసిన షెర్వుడ్ గారైతే తన ప్రసంగాల్లో అలా చదవొద్దనే చెబుతూ వస్తున్నారు. ఆ అంకె 85 డీబీ చుట్టుపక్కలకు చేరాక మామూలు వాడకానికి అది చాలుననీ, ఆపైన రేడియో ఎంత హాయిగా వాడుకోవచ్చో, గంటల తరబడి వింటే చెవి అలుస్తుందో లేదో చూసుకోమనీ ఆయన మాటల సారం. మాటల్లో మాట్లాడేవాళ్ళకైతే ఇంకా తక్కువ చాలు. పక్క ఫ్రీక్వెన్సీలో ఉన్నవాడి ట్రాన్స్‌మిటర్ నుంచి చిమ్మే చెత్తే ముందు అడ్డం పడుతుంది, దాన్ని ఏ రిసీవరూ ఆపలేదు.

అంత గట్టి రిసీవర్ ఎవరికి అవసరమో కూడా చెప్పాలి. యూరప్‌లోనో అమెరికా తూర్పు తీరంలోనో పెద్ద టవర్ల మీద బీమ్ యాంటెన్నాలు పెట్టి, శని ఆదివారాలు మోర్స్ పోటీల్లో కూర్చునేవాళ్ళకు అవసరం. అక్కడ అర కిలోహెర్ట్జ్‌కు ఒక స్టేషన్, ప్రతిదీ చెవి పగిలేలా ఉంటుంది. మీ డాబా మీద పది మీటర్ల ఎత్తు డైపోల్‌కు (రెండు చేతుల తీగ యాంటెన్నాకు), ఉదయం ఏడింటి 40 మీటర్ల బ్యాండుకు ఆ బాధ లేదు. మీకు ఉండే బాధ వేరు. మన ప్రాంతంలో 7.2 మెగాహెర్ట్జ్ పైన షార్ట్‌వేవ్ ప్రసార కేంద్రాలు ఉంటాయి, రాత్రయ్యేసరికి వాటి బలం విపరీతంగా పెరుగుతుంది. మన బ్యాండు సరిగ్గా 7.2 దగ్గర ముగుస్తుంది కాబట్టి రిసీవర్ ముందుండే ఫిల్టర్ వాటిని పూర్తిగా బయట పెట్టలేదు. అప్పుడు కెన్‌వుడ్‌లో ఆర్ఎఫ్ అటెన్యుయేటర్ (లోపలికొచ్చే సిగ్నల్ బలం తగ్గించే స్విచ్) వేయండి. ఐకామ్ అయితే ఆర్ఎఫ్ గెయిన్ తగ్గించాలి. సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా దిగుతుంది, మీరు వినేది మాత్రం తేటగా వినిపిస్తుంది. నాయిస్ మన దగ్గర అంత ఎత్తున ఉన్నందువల్ల ఆ తగ్గింపులో పోయేదేమీ లేదు.

పవర్ విషయం ఒక్క మాటలో తేలిపోతుంది, రెండూ నూరు వాట్ల రేడియోలే. ఇతర పాఠకుల కోసం ఒక్కటి చెప్తాను: 100 వాట్ల నుంచి 50కి దిగితే అవతలివారి మీటర్ మీద తగ్గేది అర ఎస్-యూనిట్. 5 వాట్లకు దిగితే 13 డీబీ, అంటే రెండు ఎస్-యూనిట్లకు కాస్త పైన. బ్యాండు తెరుచుకుని ఉన్నప్పుడు ఇది పెద్ద లెక్క కాదు.

బ్యాండుల కాలమ్‌లో ఐకామ్‌దే పైచేయి. దాంట్లో 6 మీటర్లు ఉంది, హెచ్ఎఫ్ అంతా ఎడతెగకుండా వినొచ్చు. టీఎస్-830ఎస్ హామ్ బ్యాండులు తప్ప ఇంకేమీ వినదు. మీకు షార్ట్‌వేవ్ ప్రసారాలు వినాలని లేకపోతే నష్టం లేదు.

తుపాను గురించి మీ అబ్బాయి అడిగింది నిజమైన ప్రశ్న. గోదావరి జిల్లాల్లో పెరిగినవాడు కాబట్టి అడిగాడు. టీఎస్-830ఎస్ 230 వోల్టుల కరెంటు మీద నడిచే రేడియో. ఫైనల్స్‌లో (ట్రాన్స్‌మిటర్ చివరి దశలో) రెండు 6146బీ వాల్వులు ఉంటాయి, వాటి హీటర్లకూ ప్లేట్లకూ కరెంటు బాగానే కావాలి. రెండు రోజులు కరెంటు లేకపోతే అది మూగబోతుంది. ఐకామ్‌ను 13.8 వోల్టులకు కట్టి కారు బ్యాటరీ మీదైనా నడపొచ్చు. ఈ ఒక్క కాలమ్‌లో పాతదాన్ని వెనకేసుకురావడానికి నా దగ్గర వాదన లేదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హామ్ భారతి ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పాటు చేసిన అండమాన్ యాత్రలో భాగంగా, ప్రపంచంలోని హామ్‌లకు ఆ దీవుల నుంచి కాంటాక్టులు ఇవ్వడానికి వెళ్ళారు. ఫోన్లు పడిపోయాక అదే రేడియో స్టేషన్ దీవులకూ బయటి ప్రపంచానికీ మధ్య మాట మోసింది. ఆ పని జరిగిందంటే అప్పటికే ఆమె రోజులుగా ఆ రేడియో ముందు కూర్చుని ఉండటం వల్ల, యాంటెన్నా లేచి ఉండటం వల్ల, అవతల వినేవాళ్ళు అలవాటుగా వింటూ ఉండటం వల్ల. ఆపద కోసం కొని అటక మీద పెట్టిన రేడియోను ఆ పూట దించి వాడటం ఎవరి వల్లా కాదు. రోజూ ఇష్టంగా కూర్చునే మనిషికే అది చేతనవుతుంది. కాబట్టి కరెంటు చిక్కుకు పరిష్కారం వేరేగా చూద్దాం గానీ, ఆ కారణంగా మీకు నచ్చని రేడియో మీ మీద రుద్దుకోవద్దు.

ఆ షీట్లో రాని కాలమ్‌లు ఇప్పుడు చెప్తాను. నా దృష్టిలో అసలైనవి ఇవే.

ఒకటి ట్రాన్స్‌మిట్ శుభ్రత. రిసీవర్ ఎలా ఉన్నా అది మీ సొంత విషయం, కష్టమో సుఖమో మీరే పడతారు. మీ ట్రాన్స్‌మిటర్ సంగతి అలా కాదు, దాని చెత్త పడేది పక్కవాళ్ళ మీద. ఇక్కడ ఇష్టాయిష్టాలకు చోటు లేదు, అంకెకే కట్టుబడాలి. మీకు ఆశ్చర్యంగా ఉంటుందేమో, ఈ కాలమ్ నింపితే పాత కెన్‌వుడ్ ఓడిపోయేలా లేదు. సరిగ్గా ట్యూన్ చేసిన 6146బీ జత, 13.8 వోల్టుల మీద నడిచే ట్రాన్సిస్టర్ ఫైనల్స్ కన్నా చాలాసార్లు శుభ్రంగా పలుకుతుంది. "సరిగ్గా ట్యూన్ చేసిన" అన్న మాట దగ్గర మాత్రం ఆగి చదవండి. మైక్ గెయిన్ ఎక్కించి, స్పీచ్ ప్రాసెసర్ పూర్తిగా తిప్పి, లోడ్ నాబ్ ఎక్కడో వదిలేస్తే అదే రేడియో అటూ ఇటూ పది కిలోహెర్ట్జ్ పాడుచేస్తుంది. కొత్త రేడియోల్లో కూడా ఇదే జరుగుతుంది గానీ వాల్వు సెట్లో బాధ్యత పూర్తిగా మీ చేతి మీద ఉంటుంది.

రెండోది చెవి అలసట. కాగితం మీద రెండు రేడియోల ఆడియో కాలమ్ ఒకేలా కనిపిస్తుంది, ఇన్ని వాట్లు, ఇంత శాతం డిస్టార్షన్ అని. వింటే ఒకదాని ముందు మూడు గంటలు కూర్చోగలం, ఇంకోదాని ముందు ముప్పావుగంటకే తల బరువెక్కుతుంది. దీనికి కారణాలు ఊహల్లో లేవు, సర్క్యూట్లో ఉన్నాయి. ఏజీసీ (సిగ్నల్ బలాన్ని బట్టి గెయిన్‌ను దానంతటదే సర్దే సర్క్యూట్) ఒక కారణం. పక్కింటి స్విచ్ టిక్కుమన్నప్పుడల్లా గెయిన్ దభాలున పడిపోయి, నెమ్మదిగా లేచే రేడియోలు ఉన్నాయి. మాట మధ్యలో గుంటలు పడుతుంటాయి, మనకు తెలియకుండానే మెదడు వాటిని పూడ్చుకుంటూ అలసిపోతుంది. సన్నగా వినిపించే సుస్సుమనే హిస్ ఇంకో కారణం. నాయిస్ రిడక్షన్ బటన్ నొక్కితే నీళ్ళ అడుగున మాట్లాడుతున్నట్టు మారే గొంతులు ఇంకోటి. టీఎస్-830ఎస్ వచ్చి నాలుగు దశాబ్దాలు దాటినా దాన్ని పట్టుకుని వేలాడేవాళ్ళు ఉన్నారంటే ముఖ్యంగా దాని గొంతు వల్లే. ఐఎఫ్ షిఫ్ట్, వేరియబుల్ బ్యాండ్‌విడ్త్, నాచ్ మూడూ ముందు ప్యానెల్ మీదే విడివిడి నాబ్‌లుగా ఉంటాయి. పక్క స్టేషన్ మీద పడితే కళ్ళు మూసుకునే దాన్ని నెట్టేయొచ్చు. మీకు పొద్దు తెలియకపోవడానికి కారణం ఇదే అయ్యుండాలి. మీరు దాన్ని "ఇష్టం" అన్నారు. మీ చెవీ చెయ్యీ కొలిచి చెప్పిన ఫలితం అది. షీట్లో రాయడానికి దానికి యూనిట్ లేదు, అంతే.

మూడోది అంచెలు. మీరు రోజూ చేసే పనులు రాసుకోండి: బ్యాండు మార్చడం, ఫిల్టర్ సన్నం చేయడం, అవతలివాడు కాస్త జారితే వెంబడించడం, కీ స్పీడు మార్చడం. ఒక్కోదానికి ఎన్ని నొక్కులు కావాలో చూడండి. తెర మీద మెనూలోకి వెళ్ళి మూడో పేజీలో వెతికే పని నెలకోసారైతే ఫర్వాలేదు, గంటకు పదిసార్లైతే కష్టం.

ఐకామ్‌ను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. 2016లో ఆ ధరలో, యాంటెన్నా సిగ్నల్‌ను నేరుగా అంకెలుగా మార్చే రేడియో రావడం హామ్‌లకు పెద్ద సంగతే. దాని తెర మీద బ్యాండంతా జలపాతంలా జారుతూ కనిపిస్తుంది. ఎక్కడ ఎవరున్నారో చూపుతో పట్టుకోవడంలో ఉండే ఆనందం దానిది. డయల్ తిప్పుతూ చీకట్లో తడుముకోవడం విసుగనిపించేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకు నేను కళ్ళు మూసుకుని ఐకామే చెప్తాను. ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో నడిపే డిజిటల్ పద్ధతి) కోసం కంప్యూటర్‌కు కట్టాలన్నా అదే మేలు. ఒక్క యూఎస్‌బీ కేబుల్ చాలు, ఫ్రీక్వెన్సీ కదలదు. పాత వీఎఫ్ఓ (డయల్‌తో ఫ్రీక్వెన్సీ మార్చే సర్క్యూట్) రేడియోలు వేడెక్కేదాకా కొంచెం కొంచెంగా జారుతూ ఉంటాయి. కబుర్లలో అది ఎవరికీ తెలియదు, ఎఫ్‌టీ8లో ఇబ్బంది పెడుతుంది. మీ ఉత్తరంలో ఎఫ్‌టీ8 ఊసే లేదు. రిపేరు చేసే మనిషి దగ్గర్లో లేకపోతే కూడా కొత్తదే కొనుక్కోమనేవాణ్ణి. మీకు మీ సీనియర్ గారున్నారు.

అంకెలు మామూలుగా ఉన్నా మనుషులు వదలని రేడియోలు ఇంకా ఉన్నాయి. యాయెసు కంపెనీ ఎఫ్‌టీ-817 చూడండి. 5 వాట్లే, తెర అగ్గిపెట్టె అంత, పని ఏదైనా మెనూలోనే, ఊరికే వింటున్నప్పుడు కూడా బ్యాటరీ తాగేస్తుంది. నా అంచెల లెక్కకు అది పూర్తిగా ఎదురు. అయినా కొద్ది మార్పులతో ఎఫ్‌టీ-818గా కూడా కలుపుకుని అది రెండు దశాబ్దాలకు పైగా అమ్ముడుపోయింది. భుజాన వేసుకుని కొండెక్కొచ్చు, 160 మీటర్ల నుంచి 70 సెంటీమీటర్ల దాకా అన్ని మోడ్‌లూ ఆ ఒక్క పెట్టెలో ఉంటాయి. కొండ మీద కూర్చున్నవాడికి 100 డీబీ డైనమిక్ రేంజ్‌తో పనేముంది? జాతీయ రహదారి మీది వేగం మన సందులో ఎవరికి కావాలి?

మనకు దగ్గర ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. అష్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ, 2003లో బిట్ఎక్స్20 అనే రేడియో డిజైన్ ప్రపంచం ముందు పెట్టారు. (బంజారాహిల్స్‌లో లమకాన్ అనే సాంస్కృతిక వేదిక తెలిసినవాళ్ళకు ఆయన అలా కూడా తెలుసు.) మన రేడియో షాపుల్లో దొరికే మామూలు ట్రాన్సిస్టర్లతో, ఖరీదైన టొరాయిడ్ (కాయిల్ చుట్టే ఉంగరం) దొరక్కపోతే కుళాయి వాషర్ మీద కాయిల్ చుట్టుకోమంటూ, ఆరు వాట్ల ఎస్ఎస్‌బీ రేడియో. పోటీ అంకెల్లో అది ఎక్కడా నిలబడదు. అయినా దేశదేశాల్లో హామ్‌లు దాన్ని కట్టుకున్నారు. తన చేత్తో టంకం వేసిన బోర్డు నుంచి మొదటి గొంతు వినిపించే క్షణం కోసం కట్టుకున్నారు. తర్వాత 2017లో మైక్రోబిట్ఎక్స్ వచ్చింది. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్, పది వాట్లు, లోపల ఆర్డ్యునో (చిన్న కంప్యూటర్ బోర్డు), 12 వోల్టుల బ్యాటరీ చాలు, సాఫ్ట్‌వేర్ ఎవరైనా మార్చుకోవచ్చు.

మీ తుపాను కాలమ్‌కు నా జవాబు ఇదే. కెన్‌వుడ్ కొనగా మిగిలిన డబ్బులో ముందు యాంటెన్నా, మంచి కోయాక్స్ (యాంటెన్నాకు వెళ్ళే కేబుల్), తర్వాత ఇలాంటి చిన్న బ్యాటరీ సెట్ ఒకటి. అందులోని కోడ్ మీ అబ్బాయి చేతికివ్వండి. ఎక్సెల్ షీటు వేసినవాడు ఆ ఆర్డ్యునోను ఊరికే వదలడు. అతన్ని కూడా పరీక్ష రాయమనండి. మోర్స్ మీద ఆసక్తి లేకపోతే రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ ఉంది, వీయూ3 కాల్‌సైన్ వస్తుంది. చిన్న సెట్ ఏదైనా సరే, పాత వెర్షన్ సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ట్రాన్స్‌మిట్ ఫిల్టర్ల సంగతి ముందు కనుక్కోండి. చవక కిట్లలో తొలి వెర్షన్లకు హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర వెలువడే చెత్త) సరిగ్గా ఆగకపోవడం, తర్వాతివాటిలో దిద్దుకోవడం మామూలు. ఇందాక చెప్పాను కదా, ఆ ఒక్క చోట రాజీ పడకూడదు.

యాంటెన్నా గురించి రెండు మాటలు. 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ మొత్తం 20 మీటర్లు, అటు పది, ఇటు పది. డాబా మీద నుంచి జీఐ పైపు లేపి నడుమ ఎత్తుగా, చివరలు కిందికి ఉండేలా ఇన్వర్టెడ్-వీ కట్టండి. కరెంటు తీగలకు దూరంగా కట్టాలి, పైపు ఒకవేళ ఒరిగినా వాటి మీద పడకూడదు. నడుమ నేల నుంచి పది పన్నెండు మీటర్లు ఉంటే మీ సిగ్నల్ నిటారుగా పైకి వెళ్ళి చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. ఉదయం కబుర్లకు విశాఖ, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు అన్నీ అందులోకి వస్తాయి. ఇంకా ఎత్తు లేదని దిగులు వద్దు, మీ అవసరానికి ఇదే సరైన ఎత్తు. నడుమ, డైపోల్‌కూ కోయాక్స్‌కూ మధ్య 1:1 బాలన్ అనే అమరిక పెడితే ఇంట్లోని నాయిస్ కోయాక్స్ బయటి లోహపు అల్లిక మీదుగా యాంటెన్నాలోకి పాకడం తగ్గుతుంది.

ఇక షరతులు. సీనియర్ గారింట్లో కెన్‌వుడ్ కాక ఇంకో రేడియో ఉందేమో అడగండి. ఉంటే దాని ముందు కూడా కూర్చోండి, ఒకసారి ఉదయం, ఒకసారి రాత్రి, ఒక్కో విడత రెండు గంటలకు తగ్గకుండా. పది నిమిషాల్లో ఏ రేడియో అయినా నచ్చుతుంది. రెండో గంటలో వాల్యూమ్ తగ్గించాలనిపిస్తోందా, చెయ్యి వెతుక్కుంటోందా, లేవబుద్ధి కావడం లేదా గమనించండి. ఐకామ్ ఉన్న హామ్ ఎవరైనా దగ్గర్లో తెలిస్తే మీ అబ్బాయిని వెంటబెట్టుకుని అక్కడా కూర్చోండి. అప్పటికీ చెయ్యి కెన్‌వుడ్ మీదికే పోతుంటే ఇక వెనకాడొద్దు.

ఆ రేడియో మూత మాత్రం మీరు ఒంటరిగా తీయొద్దు. ఫైనల్స్ ప్లేట్ల మీద ఎనిమిది తొమ్మిది వందల వోల్టులు ఉంటాయి. ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఛార్జి మిగలొచ్చు. దాన్ని ఎలా దించాలో, చెయ్యి ఎక్కడ పెట్టకూడదో సీనియర్ గారు మీ ముందు చేసి చూపించాలి. ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పండి. ప్లేట్, లోడ్ ట్యూనింగ్ ముందు డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు కట్టే, పవర్‌ను వేడిగా మింగే పెట్టె) మీద నేర్చుకోండి. క్యారియర్‌ను కొన్ని సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు, ట్యూన్ కుదిరేలోపు వాల్వులు కాలిపోతాయి. ప్రతి బ్యాండులో నాబ్‌లు ఎక్కడ నిలిచాయో చిన్న కాగితం మీద రాసి రేడియో పక్కన పెట్టుకుంటే తర్వాత క్షణాల్లో కుదురుతుంది.

కొనే రోజున నాలుగైదు పనులు చేయండి. చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేసి, తెలిసిన స్టేషన్ ఒకటి పట్టి, గంట వదిలేసి ఎంత జారిందో చూడండి. ప్రతి బ్యాండులోనూ డమ్మీ లోడ్ మీద పవర్ రాసుకోండి. ఏ ఒక్క బ్యాండులోనో సగానికి పడిపోతే కారణం అడగండి. బ్యాండ్ స్విచ్ కాస్త అటూ ఇటూ కదిపితే కరకర వినిపించడం ఈ వయసు రేడియోలకు మామూలే, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. సీనియర్ గారి దగ్గర విడిగా 6146బీ జత, డ్రైవర్ వాల్వు 12బీవై7ఏ ఒకటి ఉంటే వాటితో కలిపి ధర మాట్లాడుకోండి, సర్వీస్ మాన్యువల్ కూడా అడిగి తీసుకోండి. రేడియో వివరాలు, సీరియల్ నంబరు, ఇద్దరి కాల్‌సైన్లతో అమ్మకం కాగితం రాయించుకుని లైసెన్స్ ఫైల్లో పెట్టండి.